ఏ డాక్ కొనాలి? ముందు అటక మీది క్యాసెట్లు దించండి



మన గ్రూపులో నెల రోజులుగా ఒకే మాట నలుగుతోంది. ఇంట్లో పాటలు వినే సెట్టుకు ఏ డాక్ కొనాలి? చెన్నైలో ఉన్న తమ్ముడొకడు ఎనభై వేల పెట్టె ఫోటో పెట్టాడు. దాని కింద కోయంబత్తూరు బావ, "ఇది చాలదురా, లక్షన్నరది ఒకసారి విన్నావంటే మళ్లీ దీని మొహం చూడవు" అని రాశాడు. అది చదివి, పింఛను మీద గడుపుకునే పెద్దాయన ఒకరు మాకు ఫోన్ చేసి, "అయితే నా సెట్టు ఇంక పనికిరాదా నాయనా?" అని అడిగారు. ఆ తరవాత సంఘం హాలుకు కూడా గొప్ప డాక్ ఒకటి కొనాలని, దానికి ఉమ్మడి నిధిలోంచి అరవై వేలు తీయాలని ప్రతిపాదన వచ్చింది. సంఘంలో మైకులు, స్పీకర్లు, వైర్ల పని చూసేది మేము నలుగురమే కాబట్టి మా అభిప్రాయం రాసి పెట్టడం న్యాయం అనుకున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. తెలుగు అక్షరాలు రాని పిల్లలకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. వాళ్లకు భాష వచ్చు, లిపే రాదు.

మా మాట ముందే చెప్పేస్తాం. ఇంట్లో పాటలు వినడానికి డాక్ మీద పది పన్నెండు వేలు దాటి పెట్టనక్కరలేదు. చాలామందికి అంత కూడా అక్కరలేదు. ఒకవేళ అంత పెట్టేటట్టయితే, పాటను బయటికి వినిపించడమే కాదు, బయటి పాటను లోపలికి తీసుకోగల పెట్టెను కొనండి. హాలుకు అరవై వేల డాక్ వద్దు.

డాక్ అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఫోన్లో గానీ సీడీలో గానీ పాట అంకెల వరుసగా ఉంటుంది. చెవికి అంకెలు వినపడవు. ఆ అంకెలను కరెంటు అలగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించేదే డాక్. ఇది లేని ఇల్లు ఇప్పుడు లేదు. మీ ఫోన్లో ఒకటి, టీవీలో ఒకటి, బ్లూటూత్ స్పీకర్లో ఒకటి ఇప్పటికే ఉన్నాయి. గ్రూపులో మాట్లాడుకుంటున్నది దాన్ని విడిగా, మంచిదిగా, ఒక పెట్టెలో తెచ్చి పెట్టుకోవడం గురించి.

ఇది ఎలా పనిచేస్తుందో మార్గళి నెలలో మన వాకిళ్లు చూస్తే తెలుస్తుంది. చుక్కల ముగ్గులో చుక్కలు పెట్టడం ఒక పని, గీత కలపడం ఇంకో పని. పాటను రికార్డు చేసేటప్పుడు చుక్కలు పెడతారు. సీడీకైతే సెకనుకు 44,100 చుక్కలు. ఒక్కో చుక్క ఏ ఎత్తులో ఉందో చెప్పడానికి 65,536 మెట్లు. వినేటప్పుడు ఆ చుక్కలన్నిటి గుండా గీత కలిపేది డాక్.

చుక్కకూ చుక్కకూ నడుమ ఏదో జారిపోయిందని, ఖరీదైన డాక్ దాన్ని వెతికి తెస్తుందని చాలామంది నమ్మకం. మెట్లు మెట్లుగా ఉన్న గీత బొమ్మ ఒకటి చూపించి అమ్మేవాళ్లు ఆ నమ్మకాన్ని పెంచుతారు. లెక్క అలా లేదు. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు. యాభై దాటిన మాబోటి వాళ్లలో చాలామందికి 14,000 వినపడితే అదే గొప్ప. అంతకంటే వేగంగా వంపు తిరగకూడదని గీతకు షరతు పెడితే, ఆ చుక్కల గుండా పోగల గీత ఒక్కటే ఉంటుంది. రెండోది ఉండదు. నైక్విస్ట్, షానన్ అనే ఇద్దరి పేరు మీద ఉన్న గణిత సూత్రం ఇది. నడుమ పోయింది ఏమీ లేదు. కాబట్టి డాక్ పని కొత్తగా ఏదీ కల్పించడం కాదు, ఉన్న ఒక్క గీతను చెయ్యి వణక్కుండా గీయడం.

ఒకప్పుడు ఆ చెయ్యి వణికేది. ఇది ఒప్పుకోవాలి. సోనీ తన మొదటి సీడీ ప్లేయరును 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ఫిలిప్స్ వాళ్ల తొలి ప్లేయర్లలో ఉన్నది 14 బిట్ల చిప్పే. నాలుగు రెట్లు వేగంగా నడిపించి, దానితోనే 16 బిట్ల పని చేయించారు. చాలా తెలివైన పని అది. ఆ రోజుల్లో ఒక ప్లేయరుకూ ఇంకో ప్లేయరుకూ తేడా వినపడిందని పెద్దలు చెబితే వాళ్లను తప్పు పట్టనక్కరలేదు. కానీ ఆ మాటలనే నలభై ఏళ్ల తరవాత కూడా వల్లిస్తే ఎలా? ఇప్పటి మామూలు డాక్‌లో కూడా వక్రత లక్షలో ఒక వంతు ఉంటుంది. అదే మంచి స్పీకరైనా బాస్ గట్టిగా మోగేటప్పుడు వందలో ఒక వంతు వక్రీకరిస్తుంది. వెయ్యి రెట్లు పెద్ద లోపాన్ని వదిలిపెట్టి, చిన్న లోపానికి ఎనభై వేలు పోస్తున్నాం.

పైగా మనం వినే పాటలేవో కూడా చూడాలి. మనలో ఎక్కువమంది ఇళ్లలో మోగేది ఘంటసాల, బాలమురళి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తనలు, ఇళయరాజా పాత పాటలు. ఇవన్నీ టేపు మీద పుట్టిన పాటలు. స్టూడియో టేపుకే తనదైన 'స్స్' అనే రొద ఉంటుంది. పాటలోని అతి పెద్ద శబ్దానికీ ఆ రొదకూ మధ్య ఎడం అరవై డెబ్బై డెసిబెల్స్. సీడీకి ఆ ఎడం 96 డెసిబెల్స్. అంటే ఘంటసాల భగవద్గీతలో ఉన్న ప్రతి ఊపిరీ, దాని వెనక టేపు రొదతో సహా, సీడీలోని చుక్కల్లో సరిపోయి ఇంకా చోటు మిగులుతుంది. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని అట్ట మీద వేసుకున్న డాక్ ఆ ఖాళీ చోటును ఇంకొంచెం పెద్దది చేస్తుంది. అంతే.

ఇది మా సొంత పైత్యం అనుకునేవాళ్లకు ఒక పరీక్ష సంగతి. అమెరికాలో బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన మేయర్, మోరాన్ అనే ఇద్దరు, సీడీని మించినవని పేరున్న ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులు తీసుకున్నారు. వాటి శబ్దాన్ని ఒకసారి నేరుగా వినిపించారు. ఒకసారి నడుమ సీడీ స్థాయి పెట్టె ఒకటి పెట్టి, చుక్కలుగా మార్చి మళ్లీ గీత కలిపి వినిపించారు. ఏది ఏదో చెప్పకుండా వినేవాళ్లను అడిగారు. మొత్తం 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. వీళ్లలో రికార్డింగ్ వృత్తిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఇది అచ్చయింది. అప్పటి నుంచి దీని మీద వాదాలు జరుగుతూనే ఉన్నాయి. ఫలానా లోటు ఉంది, ఇంకో రకంగా చేసి ఉండాల్సింది అని. వాదించుకోనీయండి. అంత సన్నని తేడా కోసం మన పెద్దాయన పింఛను డబ్బు తీయాలా అన్నదే మా ప్రశ్న.

ఇంకో సంగతి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకా ఊళ్లో ఏకేఎం అనే కంపెనీ చిప్పుల కర్మాగారం తగలబడింది. డాక్ చిప్పుల్లో పెద్ద పేరు వాళ్లది. చిప్పులు దొరక్క ప్రపంచంలోని డాక్ కంపెనీలు అల్లాడాయి. కొన్ని కంపెనీలు ఏకేఎం తీసేసి ఈఎస్ఎస్ చిప్ పెట్టి అమ్మాయి. జర్మనీ ఆర్ఎంఈ కంపెనీ అయితే ఏడీఐ-2 డాక్ అన్న అదే పేరు మీదే చిప్ మార్చి అమ్మింది. చిప్ పేరు చూసి "వెల్వెట్ లాంటి స్వరం" అని మురిసిపోయేవాళ్లు గమనించాల్సిన విషయం ఇది. చిప్ కన్నా దాని చుట్టూ కట్టిన సర్క్యూట్, పవర్ సప్లయ్ ముఖ్యం. అవి బాగుంటే చిప్ ఏ ఊరిదైనా ఒకటే.

మరి గ్రూపులో అంతమంది తేడా విన్నామంటున్నారే, అందరూ అబద్ధాలాడుతున్నారా? కాదు. వాళ్లు నిజంగానే విన్నారు. ఒక డాక్ రెండు వోల్టులు ఇస్తుంది, ఇంకోటి రెండున్నర ఇస్తుంది. రెండోది కొంచెం గట్టిగా మోగుతుంది. కొంచెం గట్టిగా మోగింది మన చెవికి ఎప్పుడూ కొంచెం బాగున్నట్టే ఉంటుంది, గట్టిగా ఉందని మాత్రం తోచదు. వోల్యూమ్ రెండింటికీ కొలిచి సమానం చేసి, పెట్టెల మీద తువ్వాలు కప్పి, ఇంట్లో పిల్లను మార్చమని చెప్పి వినండి. మొదటి పది సార్లలో ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో కాగితం మీద రాయించండి. ఎనిమిది తొమ్మిది సార్లు చెప్పగలిగితే ఆ డాక్ మీకు తగినదే, కొనుక్కోండి, మేము అడ్డం రాము. కోయంబత్తూరు బావ ఈ పరీక్షకు ఒప్పుకుంటే బిరియానీ ఖర్చు మాది.

ఆర్2ఆర్ అని, వాల్వ్ అని కొన్ని డాక్‌లు ఉన్నాయి. వాటి స్వరం వేరుగా ఉండేటట్టు కావాలనే కడతారు. అది రుచి. పప్పులో ఇంగువ ఎక్కువ వేసుకునేవాళ్లను ఎవరూ ఆపరు. ఇంగువ వేసుకుని, పప్పు అసలు రుచి ఇదేనని అంటేనే పేచీ.

ఎంక్యూఏ అని ముద్ర ఉన్నదని ఎవరైనా పాత డాక్‌కు ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి. ఆ కంపెనీ 2023లో దివాలా బాట పట్టి చేతులు మారింది. దాన్ని నెత్తిన పెట్టుకున్న టైడల్ కూడా 2024లో వదిలేసింది.

విడి డాక్ నిజంగా పనికొచ్చే చోట్లు ఉన్నాయి. టీవీ నుంచి పాత యాంప్లిఫయర్‌కు పాట పోవాలి, టీవీకి ఆప్టికల్ రంధ్రం తప్ప వేరే దారి లేదు. అప్పుడు కావాలి. రెండు మూడు వేల పెట్టె చాలు. బిగించాక టీవీ సెట్టింగుల్లో ఆడియోను పీసీఎం అని పెట్టండి. డాల్బీ అని వదిలేస్తే పెట్టెలోంచి నిశ్శబ్దమో గరగరో వస్తుంది, డాక్ చెడిపోయిందనుకుని అంగడికి పరిగెత్తుతారు. కంప్యూటర్ తగిలించగానే స్పీకర్లో 'హుమ్' అని మోత వస్తే, అది చాలాసార్లు ఎర్త్ తగాదా. మన వైపు పాత ఇళ్లలో ఎర్త్ కమ్మీ గోడలోకి పోయి ఎక్కడ తేలుతుందో తెలియదు. ఆప్టికల్ తీగలో కరెంటు పోదు, వెలుతురే పోతుంది కాబట్టి దానితో ఆ మోత తెగుతుంది. లక్ష రూపాయల డాక్‌కు కూడా ఎర్త్ లేని ఇంట్లో ఆ మోత వస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఫోన్లో హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే ఆపిల్ వాళ్ల యూఎస్‌బీ-సీ అడాప్టర్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆ చిన్న తీగ ముక్కలో ఉన్నది పూర్తి డాక్. సీడీ స్థాయికి సరిపోయేంత శుభ్రంగా మోగుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని శబ్దం తక్కువగా వస్తుంది, అంగట్లోనే మీ ఫోన్‌కు తగిలించి చూసి తీసుకోండి. పెద్దాయన సెట్టుకు మేము చెప్పింది ఇదే. మిగిలిన డబ్బుతో స్పీకర్ల వెనక గోడకు ఉన్న దూరం మార్చి, మొజాయిక్ నేల మీద మందపాటి జమఖానా పరిచాం. ఖాళీ గోడల గదిలో చప్పట్లు కొడితే 'టంగ్' అని తిరిగి వస్తుంది చూడండి, పాటలో మాటలు చెదిరిపోయేది అందువల్లే. పరుపులకు దూది పట్టించే ఊరు మనది. గోడకు ఆ దూది బోర్డు రెండు తగిలించినా ఏ డాక్ చేయలేని పని అది చేస్తుంది. ఆయన ఇప్పుడు ఫోన్ చేసి సాహిత్యం గురించి మాట్లాడుతున్నారు, పెట్టె గురించి కాదు.

ఇప్పుడు అసలు సంగతి.

చుక్కల ముగ్గు అన్నాం కదా. గీత ఎంత గొప్పగా కలిపినా చుక్కలు ఉన్న చోటే కలపాలి. ఎం.ఎస్. అమ్మ పాటకు ఎవరో చుక్కలు పెట్టారు. ఘంటసాలకు పెట్టారు. తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో కట్టిన కీర్తనలకు ఎందరో విద్వాంసులు పాడి పెట్టించారు. మన అవ్వల పాటలకు పెట్టినవాళ్లు ఎవరు? పెళ్లిలో పాడిన నలుగు పాట, తలంబ్రాల పాట, అప్పగింతల పాట, పిల్లను ఊయల్లో వేసి పాడిన పాట, ఇవి ఏ యాప్‌లో వెతికినా దొరకవు. అవి ఆంధ్రలో పాడే పాటల్లాంటివి కూడా కావు. విజయనగరం రోజుల్లో ఇటు వచ్చామని చెప్పుకుంటాం. బడిలో తమిళం, కోర్టులో తమిళం, పత్రికలో తమిళం. ఇన్ని తరాలుగా తెలుగు మన దగ్గర కాగితం మీద లేదు, నోటి మీదే ఉంది. ఆ నోళ్లు ఒక్కటొక్కటే మూతపడుతున్నాయి. మిగిలింది క్యాసెట్లు.

డెబ్బై ఎనభైల్లో మన వాళ్లు సింగపూరు నుంచో గల్ఫ్ నుంచో టేప్ రికార్డర్ తెచ్చి, పెళ్లిలో ముందు వరసలో పెట్టి ఎర్ర బొత్తాం నొక్కేవారు. ఏ ఇంటి అటక మీద చూసినా ఆ క్యాసెట్లు ఇనప పెట్టెలోనో, అమ్మ చీరల మధ్యో ఉన్నాయి. చోళపురంలో ఒక ఇంట్లో అలాంటిది ఒకటి మా చేతికి వచ్చింది. పైన నీలం సిరాతో తమిళంలో పెళ్లి తేదీ రాసి ఉంది, 1987. క్యాసెట్ లోపల టేపును హెడ్‌కు అదిమిపట్టే చిన్న నురుగు మెత్త ఉంటుంది, అది ఊడి కింద పడి ఉంది. టేపు అంచున తెల్లగా బూజు. మెత్త బాగున్న ఇంకో క్యాసెట్ విప్పి, ఈ టేపును అందులోకి మార్చి, మెల్లగా చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వినిపించాం. ఆడవాళ్లు పెళ్లికొడుకును ఎగతాళి చేసే పాట. అందులో ఆ ఇంటి అవ్వ గొంతు. ఆమె పోయి పదిహేనేళ్లు. ఆమె ముని మనవరాలు అయిదో తరగతి, ఆమెను ఎప్పుడూ చూడలేదు. పాటలో వచ్చిన ఒక మాటకు అర్థం ఏమిటని ఆ పిల్ల అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పక్క వీధిలో తొంభై దగ్గర పడ్డ ఒక పెద్దమ్మను అడగాల్సి వచ్చింది. ఆ క్యాసెట్‌లో రెండో వైపు సగం తరవాత ఏమీ లేదు. రొద మాత్రమే ఉంది.

లక్షన్నర డాక్ పెట్టినా ఆ సగం తిరిగి రాదు.

క్యాసెట్ ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చిన వస్తువు. టేపు చెడిపోకముందే దాన్ని వినిపించే యంత్రాలు కరువైపోతున్నాయి. బెల్టులు కరిగి జిగురవుతున్నాయి, హెడ్లు అరిగాయి, బాగుచేసే మెకానిక్‌లు వేరే పనుల్లోకి పోయారు. టేపు మీద ఉన్నదంతా 2025 ప్రాంతానికల్లా మార్చుకోకపోతే ఆ తరవాత చాలావరకు అందకుండా పోతుందని యునెస్కో, ప్రపంచ ధ్వని భాండాగారాల సంఘం అయిన ఐఏఎస్ఏ కలిసి 2019లోనే హెచ్చరిక పనిగట్టుకుని మొదలుపెట్టాయి. ఆ గడువు మన కళ్లముందే వచ్చేసింది.

అందుకే పైన రెండు వైపులా నడిచే పెట్టె అన్నాం. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. రికార్డింగ్ చేసే కుర్రవాళ్లు వాడతారు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలిస్తే అదే మంచి డాక్, దాని వెనక నుంచి యాంప్లిఫయర్‌కు తీగ వేసి పాటలు వినొచ్చు. ముందు వైపు నుంచి క్యాసెట్ ప్లేయర్ తగిలిస్తే చుక్కలు పెట్టేదీ అదే. పది వేల చుట్టుపక్కల బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ ఉంది. ఇంకొంచెం పెడితే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వస్తుంది. స్కార్లెట్ సోలో చవక కదా అని అది కొనకండి, దానిలో లైన్ దారి ఒక్కటే. స్టీరియో క్యాసెట్‌కు కుడి ఎడమ రెండూ కావాలి. అంత పెట్టలేనివాళ్లకు బెరింగర్ యూసీఏ222 ఉంది, 16 బిట్లే, కానీ క్యాసెట్‌కు అది కూడా ఎక్కువే. ఆర్‌సీఏ నుంచి పెద్ద పిన్నుకు మారే తీగలు రెండు జతలు విడిగా కొనాలి, పెట్టెతో పాటు రావు.

చేసే పద్ధతి గురించి ఒక్క నాలుగు మాటలు. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సెంటూ స్పిరిట్టూ కాదు. పాట మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి చూడండి, ఆ టేపును రికార్డు చేసిన యంత్రం హెడ్ వాలు వేరుగా ఉండి ఉంటుంది. ఒక్కసారిగా గొంతు తేటపడుతుంది. వేల రూపాయల డాక్ మార్చినప్పుడు వినపడని తేడా ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా దాచండి. గంట క్యాసెట్ ఒక గిగాబైట్ దాకా అవుతుంది, అది ఈ రోజుల్లో లెక్కే కాదు. ముళ్లు ఎరుపులోకి పోకుండా తగ్గించి పెట్టండి. రొద తీసేసే బొత్తాం కనిపిస్తుంది, అసలు ఫైలు మీద దాన్ని నొక్కొద్దు. రొదతో పాటు గొంతులోని 'స', 'శ' కూడా పోతాయి. కాపీ తీసి దాని మీద ఏమైనా చేసుకోండి. ఎవరు పాడారు, ఎవరి ఇంటి ఆడపడుచు, ఏ ఊరు, ఏ సందర్భం, ఇది ఫైలుతో పాటు రాసి పెట్టండి. తమిళంలో రాసినా పరవాలేదు. పేరు లేని గొంతు ఇంకో తరానికి అనాథ. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, స్పీకర్ ముందు ఫోన్ పట్టుకుని వాయిస్ నోట్ తీసి పంపొద్దు.

"మా డబ్బు, మా సరదా, మీకెందుకు?" అని తమ్ముళ్లు అంటారని తెలుసు. సరదా మీద మాకు పేచీ లేదు. ఊళ్లో కళల కోసం తన ఇంటినే ఇచ్చేసిన కుమారస్వామి రాజా గారి రాజపాళయం ఇది, పాట మీద ఖర్చు పెట్టడం మనకు కొత్త కాదు. మంచి స్పీకర్లు, మంచి గది ఉండి, ఇంకా సరదా మిగిలితే కొనుక్కోండి, మేమూ వచ్చి వింటాం. కానీ ఆ సరదాను "ఇది లేకపోతే పాటే కాదు" అని గ్రూపులో రాస్తే ఎవరి చెవిన పడుతుందో చూసుకోవాలి. ఉమ్మడి నిధి మాత్రం సరదాకు కాదు. హాల్లో మనం వినేది మైకులో ప్రసంగాలు, పెళ్లి మేళం, పిల్లల పాటల పోటీలు. ఆ శబ్దం ముందుగా దెబ్బతినేది డాక్ వల్ల కాదు, పైకప్పు రేకు వల్ల.

వచ్చే సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదన ఇది. అరవై వేల డాక్ తీర్మానాన్ని పక్కన పెట్టండి. ఇరవై అయిదు వేలు మంజూరు చేయండి. దానితో రెండు ఇంటర్‌ఫేస్‌లు, తీగలు, రెండు హార్డ్ డిస్కులు వస్తాయి. ఒక పెట్టె రాజపాళయంలో, ఒకటి చోళపురంలో. ఇంటింటికీ వారం చొప్పున తిరుగుతాయి. కంప్యూటర్ తెలిసిన పిల్లలు వెంట వస్తారు. క్యాసెట్ ఇంటి గడప దాటనక్కరలేదు, ఇంట్లోనే కూర్చుని తీస్తాం. పాట ఆ ఇంటిదే. అందరికీ వినిపించవచ్చా, ఇంటి మట్టుకేనా అన్నది ఆ ఇంటివాళ్లే చెప్పాలి. కొన్ని పెళ్లి పాటల్లో వియ్యపురాలిని ఏమేమి అన్నారో మాకు తెలుసు, అవి బయటికి రాకపోతేనే మేలు.

మాకు ఇప్పుడు కావలసింది డెక్. నడిచే క్యాసెట్ డెక్ మా దగ్గర ఒక్కటే ఉంది, దాని కుడి వైపు కాస్త బలహీనం. ఎవరి ఇంట్లోనైనా పాత డెక్ ఉంటే, బెల్టు పోయిందైనా సరే, మోటారు తిరిగితే చాలు, పాత ఇనప సామాన్ల వాడికి వేయకుండా కింద ఒక మాట రాయండి. మేమే వచ్చి తీసుకెళ్తాం.